స్టార్టప్ ఉద్యోగం, రెండు గడువులు

"స్టార్టప్ నుంచి ఆఫరొచ్చింది, చేరమంటారా?" అని మనవాళ్ళు అడగడం, నేను జవాబు చెప్పడం మామూలైపోయింది. పదిమంది కూడా లేని ఒక కంపెనీలో చేరి మూడేళ్ళు పనిచేశాను కాబట్టి నన్ను అడుగుతారు. ప్రశ్నలన్నీ షేర్ల చుట్టూనే తిరుగుతాయి. కానీ అమెరికాలో హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకి షేర్ల లెక్క, వీసా లెక్క వేరువేరు కావని నా అనుభవం.

ముందు మంచి సంగతి చెప్పుకుందాం. పెద్ద కంపెనీలో నాకు నా మాడ్యూల్ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఇక్కడ మొదటి నెలలోనే కోడ్ రాశాను, కస్టమర్ ఫోన్ ఎత్తాను, కొత్తవాళ్ళని ఇంటర్వ్యూ చేశాను. ఇవాళ రాసింది రేపు ఎవరో వాడి, బాగాలేదని మొహం మీదే చెప్తారు. ధర ఎలా నిర్ణయిస్తారో, కుదిరిందనుకున్న ఒప్పందం చివర్లో ఎందుకు ఆగిపోతుందో దగ్గరుండి చూశాను. సంక్రాంతి పూట సర్వర్ పడిపోతే లేచి చూడాల్సింది కూడా నేనే, ఎందుకంటే ఇంకెవరూ లేరు. ఆ కష్టానికి తగిన చదువు దక్కింది.

ఇక షేర్ల మాట. మామూలుగా ఆప్షన్లు నాలుగేళ్ళలో చేతికొస్తాయి, మొదటి ఏడాది నిండకముందే మానేస్తే ఏమీ రాదు. చేతికొచ్చాయంటే షేర్లు వచ్చినట్టు కాదు, ఫలానా ధరకి కొనుక్కునే హక్కు వచ్చినట్టు. కంపెనీ అమ్ముడుపోతే ముందు పెట్టుబడిదార్లు తమ వాటా తీసుకుంటారు. 20 మిలియన్లు పెట్టుబడి తెచ్చిన కంపెనీ 25 మిలియన్లకి అమ్ముడైతే, ఒప్పందాన్ని బట్టి ఉద్యోగులందరూ కలిసి పంచుకునేది మిగిలిన 5 మిలియన్లే కావచ్చు. ఆఫర్ లెటర్ చూసి ఫ్రీమాంట్‌లో ఇల్లు వెతకడం "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అన్నట్టే.

అసలు చిక్కు ఉద్యోగం పోయిన రోజున మొదలవుతుంది. 2017 జనవరిలో అమల్లోకొచ్చిన నిబంధన ప్రకారం హెచ్-1బి వాళ్ళకి ఉద్యోగం ముగిశాక ఉండే వెసులుబాటు గరిష్ఠంగా 60 రోజులు. ఐ-94 అంతకుముందే ముగిస్తే అంత కూడా ఉండదు. ఆప్షన్లు కొనుక్కోవడానికి చాలా కంపెనీలు ఇచ్చే గడువు 90 రోజులు. కొన్ని ఎక్కువ గడువు ఇస్తాయి గానీ, మూడు నెలలు దాటితే ఐఎస్ఓ రకం ఆప్షన్లకుండే పన్ను సదుపాయం పోతుంది. రెండు గడువులూ ఇంచుమించు ఒకే రోజున మొదలవుతాయి.

ఒక లెక్క వేద్దాం. 10,000 ఆప్షన్లు, ఒక్కోటి డాలరున్నర. కొనాలంటే 15,000 డాలర్లు కావాలి. ఆ రోజు షేరు విలువ 6 డాలర్లని కంపెనీ లెక్కగడితే, మధ్యనున్న 45,000 ఏఎంటీ అనే ప్రత్యామ్నాయ పన్ను లెక్కలోకి వస్తుంది. అమ్ముకునే వీలు లేని షేర్లకి, జీతం ఆగిపోయిన నెలల్లో, ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం విడవాల్సిన పరిస్థితిలో ఇంత డబ్బు పెట్టాలా? పక్క సీట్లో కూర్చున్న అమెరికన్‌కీ ఈ ప్రశ్న ఉంటుంది. కానీ అతనికి 61వ రోజు భయం లేదు.

జీతం ఆలస్యమైనా మనకి తేడా ఉంది. స్థాపకులు తమ జీతం వదులుకోవచ్చు. హెచ్-1బి ఉద్యోగికి చట్టప్రకారం ఇవ్వాల్సిన జీతాన్ని డబ్బుల్లేవని ఆపడానికి వీల్లేదు. మరో కంపెనీకి మారేటప్పుడు ఈమధ్య నెలల పే స్టబ్బులు అడుగుతారు. "రెండు నెలలు సర్దుకుందాం" అనే మాటకి మొహమాటంతో తలూపితే ఇబ్బంది పడేది మన స్టేటస్సే.

దీనికి తోడు, 2025 సెప్టెంబరులో వచ్చిన అధ్యక్ష ప్రకటన దేశం బయట ఉన్నవాళ్ళ కోసం వేసే కొత్త హెచ్-1బి పిటిషన్లకి 1,00,000 డాలర్ల ఫీజు పెట్టింది. దేశంలోనే ఉండి కంపెనీ మారేవాళ్ళకి అది వర్తించదని ఆ అక్టోబరులో వివరణ ఇచ్చారు. ఏడాది గడువుతో వచ్చిన ప్రకటన అది. అయినా, 60 రోజుల్లోపల మారడానికీ, ఇండియా వెళ్ళి మళ్ళీ రావడానికీ మధ్య ఎంత దూరం ఏర్పడగలదో చూపించింది. అంత సొమ్ము ఏ చిన్న కంపెనీ కడుతుంది?

అలాగని చేరవద్దని నేను చెప్పను. చేరేముందు నాలుగు ప్రశ్నలు మాత్రం మొహమాటం లేకుండా అడగండి. బ్యాంకులో ఉన్న డబ్బు ఎన్ని నెలలకి సరిపోతుంది? మొత్తం షేర్లెన్ని, అందులో నా వాటా ఎంత శాతం? మానేశాక ఆప్షన్లు కొనడానికి ఎన్నాళ్ళిస్తారు? గ్రీన్ కార్డ్ ప్రక్రియ ఎప్పుడు మొదలుపెడతారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు కాగితం మీద తీసుకోండి. ఐ-140 దశలో, జీతం ఇవ్వగల స్తోమత ఉందని కంపెనీ రుజువు చూపాలి. నష్టాల్లో ఉండే స్టార్టప్‌కి అది తేలిక కాదు. అది మంజూరై 180 రోజులు గడిస్తే, కంపెనీ మూతపడినా ఆ కారణంగా రద్దు కాదు, మీ ప్రయారిటీ డేట్ మీతోనే ఉంటుంది. మన దేశం క్యూలో నిలబడ్డవాళ్ళకి ఆ తేదీ విలువ ఏ ఆప్షన్లకీ తీసిపోదు.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు పెద్దలు. పెట్టుబడి కొత్తగా వచ్చి, కంపెనీ ఖాతా నిండుగా ఉన్నప్పుడే ఈ కాగితాలు కదిలించాలి. ఆప్షన్ల సంఖ్య బేరమాడే చోటే గ్రీన్ కార్డ్ తేదీ కూడా బేరమాడండి. ఇవ్వగలిగినవాళ్ళు ఇస్తారు. ఇవ్వలేనివాళ్ళు ఏం చెప్పి తప్పించుకుంటారో గమనిస్తే, ఆ కంపెనీ గురించి తెలుసుకోవాల్సింది చాలావరకు తెలిసినట్టే.