చెమట ఆరింది, దాహం ఆరలేదు

ఫజ్ర్ నమాజు ముగించుకొని బయటికి వస్తే కల్లూరు రోడ్ల మీద పరుగెత్తే కుర్రవాళ్లు కనబడుతుంటారు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు గడువులోగా పూర్తిచేయాలి గదా, అందుకు సాధన. వారిలో మన పిల్లలూ ఉన్నారు. చూసి సంతోషిస్తాము. కాని కొందరు ఎండాకాలంలో సైతం ప్లాస్టిక్ కోటు తొడుక్కొని పరుగెత్తడం, చెమటతో కొవ్వు కరుగుతుందని నీళ్లు ముట్టకపోవడం మాకు కలవరం కలిగిస్తోంది.

చెమట కొవ్వు కాదు. రక్తంలోని నీటి నుంచి ఊరే ఉప్పునీరు. ఒంట్లో పుట్టిన వేడిని ఆవిరై మోసుకుపోవడమే దాని పని. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. కోటు తొడిగితే ఆవిరి కాదు, వేడి లోపలే నిలుస్తుంది. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కాలేజీ కుస్తీ విద్యార్థులు ఇట్లే చెమటోడ్చి బరువు తగ్గబోయి ప్రాణాలు పోగొట్టుకున్నారు.

మన సీమ గాలి మరీ మోసకారి. కోస్తాలో చెమట ధారగా కారుతుంది కాబట్టి తెలుస్తుంది. ఇక్కడ పుట్టింది పుట్టినట్లే ఆరిపోతుంది. “నాకు చెమటే పట్టలేదు చాచా” అనే పిల్లవాని చొక్కా వీపు చూడండి, తెల్లటి ఉప్పు చారలుంటాయి.

తల్లులకు మా మనవి. పరుగుకు ముందూ తర్వాతా కాటా మీద నిలబెట్టండి. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్లు. నీళ్లు, ఉప్పేసిన మజ్జిగ, నిమ్మకాయ షర్బత్ చాలు, రంగు సీసాలు కొననక్కరలేదు. అట్లని బిందెలు తాగించవద్దు. 2002 బోస్టన్ మారథాన్‌లో ఒక యువతి అతిగా తాగి, రక్తంలో ఉప్పు పలచబడి మరణించింది.

రోజాలో పరుగు మాటేమిటి? బాస్కెట్‌బాల్ ఆటగాడు ఒలాజువాన్ 1995 ఫిబ్రవరిలో రోజాలుంటూనే ఆడి ఆ నెల ఉత్తమ ఆటగాడయ్యాడు గదా అంటారు కుర్రవాళ్లు. నిజమే. అది చలికాలం, నీడపట్టు హాలు. 2018, 2019లలో మనకు రమజాను మే నెలలో వచ్చింది. అటువంటి ఎండల్లో పరుగును ఇఫ్తార్ తర్వాతకు మార్చుకుంటే సాధనకు వచ్చే లోటేమిటి?

పరుగెత్తేవాడు తూలినా, పొంతన లేకుండా మాట్లాడినా మొండికేయనివ్వకండి. ప్రాణాపాయంలో రోజా విరమించడానికి షరీఅత్ అనుమతి ఉంది. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి. 108కి ఫోను చేయండి.