బండి కబుర్లు: గేర్ ఆయిల్ ఉడికింది, జీతం కోసుకుపోయింది

పోయిన వారం టైర్ల గాలి గురించి రాశాం. ఈ వారం ఆటో గేర్ బండ్లలో ఆయిల్ కూలర్ గురించి రాయమని ఇద్దరు ముగ్గురు డ్రైవర్ సోదరులు అడిగారు. రాస్తాం. కానీ ముందుగా ఒక ఉత్తరం గురించి చెప్పాలి. అది మీరెవరూ మాకు రాసింది కాదు. మేమే మా చేతులతో టైప్ చేసింది.

మేమిద్దరం ఒక కంపెనీ టైమ్ ఆఫీసులో గుమస్తాలం. ఒకరిది జగిత్యాల వైపు, ఇంకొకరిది కడప జిల్లా. ఇంటర్ దాకా చదివాం. హాజరు రాయడం, ఓవర్‌టైమ్ లెక్క కట్టడం, ముదీర్ చెప్పిన ఉత్తరం టైప్ చేయడం మా పని. 2024 ఆగస్టు చివర్లో ముదీర్ ఒక కాగితం ఇచ్చి టైప్ చేయమన్నారు. సైట్ పికప్ గేర్ బాక్స్ కాలిపోయింది, డ్రైవర్ నిర్లక్ష్యమే కారణం, మరమ్మతు ఖర్చు 4,200 దిర్హమ్‌లు, నెలకు 350 చొప్పున పన్నెండు నెలలు జీతంలో కోత. కింద డ్రైవర్ సంతకానికి చోటు.

ఆ డ్రైవర్ మా క్యాంపు మనిషే. యాభై దాటిన పెద్దాయన, నిజామాబాద్ జిల్లా. అందరం అన్నా అనే పిలుస్తాం. ఆయన జీతం 1,700. అందులో 350 పోతే ఇంటికి ఏం పంపుతాడో మీకు మేము చెప్పక్కర్లేదు. కాగితం ఇంగ్లీషులో, అరబ్బీలో ఉంది. ఆయనకు రెండూ రావు. మేము చదివి వినిపిస్తే ఒక్కటే మాటన్నాడు: "తమ్మీ, నేనేం జేసిన? ఇంజన్ ముల్లు సగం కూడ దాటలే." అయినా సంతకం పెట్టేశాడు. పెట్టకపోతే ఊరికి పంపుతారని భయం. మేము కూడా పెట్టొద్దని గట్టిగా అనలేకపోయాం. ఆ మాట ఇప్పటికీ మమ్మల్ని గుచ్చుతోంది.

ఆ "ఇంజన్ ముల్లు" దగ్గరే అసలు సంగతి ఉంది. డ్యాష్‌బోర్డు మీద కనిపించే వేడి ముల్లు ఇంజన్ నీళ్లది. గేర్ ఆయిల్ వేడి చూపించే ముల్లు చాలా బండ్లలో ఉండనే ఉండదు. ఇంజన్ చల్లగా ఉండి గేర్ బాక్స్ లోపల ఉడికిపోతుంటే డ్రైవర్‌కు తెలిసే దారి లేదు. వాసన వచ్చేసరికి ఆలస్యమైపోతుంది.

ఆటో గేర్‌లో క్లచ్ పెడల్ ఉండదు కదా, దాని పని టార్క్ కన్వర్టర్ అనే డబ్బా చేస్తుంది. ఇంజన్ వైపున్న రెక్కలు ఆయిల్‌ను తిప్పితే, ఆ ఆయిల్ అవతలి రెక్కలను తిప్పుతుంది. రెండింటి మధ్య జారుడు ఉన్నంతసేపూ ఆయిల్ వేడెక్కుతుంది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే డబ్బా లోపల లాక్ పడి జారుడు ఆగిపోతుంది, వేడి తగ్గుతుంది. ఇసుకలో మెల్లగా, వెనక జనరేటర్ ట్రాలీ లాగుతూ పోతే ఆ లాక్ పడదు. ఇంజన్ శక్తిలో చాలా భాగం ఆయిల్‌ను కాచడానికే పోతుంది. అన్న నడిపింది ఆ దారిలోనే. పైగా ఆగస్టు, ఏసీ వేసి ఉంది. ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందుంటుంది కాబట్టి రేడియేటర్‌కు అందే గాలి ముందే వేడెక్కి వస్తుంది. ఇక్కడి ఎండ సంగతి చెప్పాలా? 2025 మే నెలలోనే స్వైహాన్‌లో 51.6 డిగ్రీలు నమోదైంది.

గేర్ ఆయిల్‌కు 80 నుంచి 90 డిగ్రీల వేడి మామూలు. ఆ పైన ప్రతి 11 డిగ్రీలకు ఆయిల్ ఆయుష్షు సగం తగ్గుతుందని మెకానిక్కుల మోటు లెక్క. 120 దగ్గర ఆయిల్ జిగురు కట్టడం మొదలవుతుంది. 150 దాకా పోతే రబ్బరు సీళ్లు గట్టిపడతాయి, లోపలి క్లచ్ ప్లేట్లు మాడతాయి. అందుకే కంపెనీ వాళ్లు గేర్ బాక్స్ నుంచి రెండు పైపులు తీసి రేడియేటర్ చల్లటి వైపు ట్యాంకులో చిన్న కూలర్ గుండా పోనిస్తారు. వేడి ఆయిల్ ఒక పైపులో వెళ్లి, చల్లబడి రెండో పైపులో తిరిగి వస్తుంది.

సంతకం అయిన వారానికి, ఆదివారం సెలవు రోజు, మేమిద్దరం అన్నను తీసుకుని షార్జా సనయ్యలో బండి ఉన్న గరాజ్‌కు పోయాం. మెకానిక్ మలయాళీ, మంచివాడు. గేర్ బాక్స్ విప్పి పెట్టి ఉంది. ట్రేలో ఆయిల్ నల్లగా కాఫీ డికాషన్‌లా ఉంది, మాడిన వాసన. "డ్రైవర్ తప్పేమిటి?" అని అడిగాం. ఆయన నవ్వి టార్చి పట్టుకుని రేడియేటర్ కింద చూపించాడు. గేర్ బాక్స్ నుంచి వచ్చే రెండు పైపులనూ ఒక హోస్ ముక్కతో కలిపేసి ఉన్నాయి! ఆయిల్ కూలర్‌కు పోవడమే లేదు. వేడిగా బయటికొచ్చి, ఆ వేడితోనే వెనక్కి పోతోంది. ఆ రేడియేటర్‌కు అసలు ఆయిల్ పైపులు తగిలించే మూతులే లేవు. అది మాన్యువల్ గేర్ బండి రేడియేటర్.

మాకు వెంటనే ఏప్రిల్ నెల గుర్తొచ్చింది. పాత రేడియేటర్ పగిలితే ఆఫీసు వాళ్లు చవకగా కొత్తది వేయించారు. బిల్లు ఫైల్ చేసింది మేమే. సోమవారం పొద్దున్నే ఫైలు తీసి చూస్తే బిల్లులో స్పష్టంగా ఉంది: రేడియేటర్, మాన్యువల్. ఆటో గేర్‌దానికీ దానికీ తేడా 90 దిర్హమ్‌లు. ఆ తొంభై మిగిల్చి నాలుగు వేలు పోగొట్టుకున్నారు, అదీ అన్న జేబులోంచి.

బిల్లు, మెకానిక్ రాసిచ్చిన చీటీ, రెండు ఫోటోలు కలిపి ముదీర్ బల్ల మీద పెట్టాం. చేతులు వణికాయి, దాచుకోవడం ఎందుకు. ఆయన రెండుసార్లు చదివి, కోత ఉత్తరాన్ని డ్రాయరులో పడేసి "ఖల్లాస్" అన్నారు. ఇంకేమీ అనలేదు. మేమూ అడగలేదు.

ఇక్కడ ఒక మాట. యూఏఈలో 2021 నాటి 33వ నంబర్ కార్మిక చట్టంలో 25వ ఆర్టికల్ జీతంలో ఏ కారణాలకు కోత పెట్టవచ్చో చెబుతుంది. కారణాలు ఎన్ని ఉన్నా అన్నీ కలిపి జీతంలో సగం దాటడానికి వీల్లేదు. బండికి నష్టం జరిగిందంటే అది డ్రైవర్ తప్పు వల్లే జరిగిందా అన్నది ముందు తేలాలి. కాబట్టి ఏ కాగితమైనా చదివించుకోకుండా సంతకం చేయకండి. ఇంకో సంగతి. ఆ బండి రెండు వారాల ముందు నుంచే గుర్తులు చూపించిందట. "రేసిస్తే ఇంజన్ అరుస్తది, బండి మాత్రం ముందుకు పోదు" అని ఫోర్‌మాన్‌కు నోటితో చెప్పాడట అన్న. నోటి మాటకు సాక్ష్యం ఏది? ట్రిప్ షీటు మీద తెలుగులోనైనా సరే తేదీ వేసి రాసి పెట్టండి. చదివే బాధ్యత మాలాంటి గుమస్తాలది.

సరే, కూలర్ సంగతికి వద్దాం. గేర్ బాక్స్ కొత్త ప్లేట్లతో కట్టేటప్పుడు, సరైన రేడియేటర్‌తో పాటు బయటి కంపెనీ కూలర్ ఒకటి అదనంగా వేయిద్దామని మెకానిక్ అన్నాడు. కూలర్, హోస్‌లు, మజూరీ అన్నీ కలిపి 420. ఈసారి ముదీర్ మారు మాట్లాడకుండా సంతకం పెట్టారు.

కూలర్లు రెండు రకాలుగా దొరుకుతాయి. ఒకటి వంకర పైపుకు రేకులు గుచ్చినట్టుండేది, చవక. రెండోది సన్నటి ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పేర్చినది. అదే సైజులో ప్లేట్లది ఎక్కువ వేడి లాగుతుంది. లోడు లాగే బండికి ప్లేట్లదే తీసుకోండి. పెట్టె మీద హేడెన్, డిరేల్, బి అండ్ ఎం, ట్రూ-కూల్ లాంటి పేర్లు ఉంటాయి, నకిలీలూ ఉంటాయి. పెట్టె మీద బరువు పౌండ్లలో రాస్తారు. పౌండు అంటే కిలోలో సగం కన్నా కొంచెం తక్కువ. మీ బండి, ట్రాలీ, సామాను అన్నీ కలిపిన బరువు కన్నా ఆ అంకె ఎక్కువ ఉండాలి. ఈ ఎండలో కాస్త పెద్దది వేసినా నష్టం లేదు. చలి దేశాల్లో ఆయిల్ మరీ చల్లబడితే గట్టిపడుతుందని భయం, మనకు ఆ బెంగ లేదు.

ఎక్కడ పెట్టాలి? ఏసీ కండెన్సర్ ముందు, గ్రిల్ వెనక, గాలి నేరుగా తగిలే చోట. కిట్‌లో ప్లాస్టిక్ తీగలు ఇస్తారు, వాటిని కండెన్సర్ రేకుల్లోంచి గుచ్చి బిగించమని. మేము చూస్తుండగానే మెకానిక్ వాటిని చెత్తలో పడేశాడు. బండి అదురుకు అవి ఒరుసుకుని కండెన్సర్‌కు చిల్లు పెడతాయట. ఇనుప పట్టీ కోసి, బాడీకి బోల్టు వేసి, కండెన్సర్‌కు వేలెడు ఎడం ఉంచి బిగించాడు. పైపు మూతులు పైకి గానీ పక్కకు గానీ ఉండాలి. కిందికి ఉంటే లోపల గాలి చిక్కుకుంటుంది.

ఆయిల్ ముందు రేడియేటర్‌లోని కూలర్‌కు పోవాలి, అక్కడి నుంచి కొత్త కూలర్‌కు, ఆ తరువాత గేర్ బాక్స్‌కు. తిరగేసి వేస్తే కొత్త కూలర్ చల్లబరిచిన ఆయిల్‌ను రేడియేటర్ వేడి నీళ్లు మళ్లీ వేడి చేస్తాయి. తిరిగి వచ్చే పైపు ఏదో ఊహించి వేయకూడదు. రేడియేటర్ దగ్గర ఒక పైపు ఊడదీసి, రెండు మూతుల కిందా డబ్బా పెట్టి, ఇంజన్ రెండు సెకన్లు తిప్పితే ఆయిల్ ఎటు నుంచి వస్తుందో కనబడుతుంది.

అసలు ప్రాణం హోస్‌లో ఉంది. నీళ్ల పైపు, పెట్రోల్ పైపు వేయకండి. వేడి గేర్ ఆయిల్‌కు మామూలు రబ్బరు ఉబ్బి, మెత్తబడి చీలుతుంది. సైలెన్సర్ మొదటి గొట్టం మీద ఆ ఆయిల్ చిమ్మితే మంటలే. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ హోస్ అని అడగండి, దాని మీద ఎస్.ఏ.ఇ. జె1532 అని అచ్చు ఉంటుంది. ఇనుప పైపు మీద ఎక్కించే చోట పైపు చివర చిన్న ఉబ్బు ఉండాలి, క్లాంపు దాని వెనక పడాలి. హోస్ పదును అంచుకు తగిలే చోట పాత హోస్ ముక్క తొడగండి.

కాలిపోయిన గేర్ బాక్స్ తరువాత పాత పైపులను కడగకుండా వాడితే ప్లేట్ల మసి మళ్లీ కొత్తదాంట్లోకి పోతుంది. అందుకే మా మెకానిక్ తిరిగొచ్చే లైనులో మాగ్నెట్ ఉన్న చిన్న ఫిల్టర్ కూడా పెట్టాడు. తరువాత ఆయిల్ పోయాలి. కొత్త కూలర్, పైపులు నిండడానికి అర లీటరు దాకా అదనంగా పడుతుంది. ఏ ఆయిల్ అన్నది బండి పుస్తకం చూసే పోయండి. డెక్స్‌రాన్ వేరు, టయోటా డబ్ల్యూఎస్ వేరు, సీవీటీ ఆయిల్ పూర్తిగా వేరు. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కాదు. పుల్ల ఉన్న బండ్లలో చాలావాటికి బండి వేడెక్కాక, చదును నేల మీద, ఇంజన్ నడుస్తుండగా మట్టం చూడాలి.

ఒక్కోసారి పుల్ల తీస్తే ఆయిల్ గులాబీ రంగు పాలలా, రూహఫ్జా కలిపినట్టు కనిపిస్తుంది. అంటే రేడియేటర్ లోపలి కూలర్ చిట్లి నీళ్లు గేర్ ఆయిల్‌లో కలిశాయన్నమాట. అమెరికాలో 2005-2010 మోడల్ నిస్సాన్ పాత్‌ఫైండర్, ఎక్స్‌టెర్రా, ఫ్రాంటియర్ బండ్లకు ఈ జబ్బు వచ్చి కోర్టు దాకా పోతే, కంపెనీ రేడియేటర్ వారంటీని పెంచాల్సి వచ్చింది. (మా పికప్ ఆ బండి కాదు, దాని కథ వేరని చదివారుగా.) పాల రంగు చూస్తే ఇంజన్ ఆపేయండి, గరాజ్‌కు లాగించుకుపోండి. నడిపితే ప్లేట్ల మీది అట్ట నీటికి ఊడిపోతుంది.

కూలర్ ఉంది కదా అని ఇసుకలో గంటల తరబడి లాగించకూడదు. లో గేర్‌లో పోండి. మాడిన వాసన వస్తే చదును చోట ఆగి, హ్యాండ్ బ్రేక్ వేసి, న్యూట్రల్‌లో ఇంజన్‌ను అయిదు పది నిమిషాలు నడవనివ్వండి. వెంటనే ఆపేస్తే ఆయిల్ తిరగడమూ ఆగిపోతుంది, వేడి లోపలే ఉండిపోతుంది. వారానికోసారి కూలర్ రేకుల్లోని దుమ్మును మెల్లటి నీటి ధారతో కడగండి. ప్రెషర్ గన్ దగ్గర పెట్టి కొడితే రేకులు వంగిపోతాయి.

ఇంటి డ్రైవర్లకు, కంపెనీ డ్రైవర్లకు ఇంకొక్క మాట. బండి మనది కాదు. ముల్కియా ఎవరి పేరున ఉందో వాళ్లను అడగకుండా రెంచి పట్టకండి. మంచికి చేసినా రేపు ఏం పాడైనా "నువ్వే మార్పించావు" అంటారు. నలుగురు కలిసి కొనుక్కున్న పాత కారైతే మీ ఇష్టం, బిల్లు మాత్రం జాగ్రత్త చేయండి.

అన్న ఆ పికప్పే నడుపుతున్నాడు. 2025 ఎండాకాలం అంతా అదే ట్రాలీ, అదే ఇసుక. జూలైలో మేము పుల్ల తీసి టిష్యూ మీద చుక్క వేసి చూశాం, ఇంకా ఎర్రగానే ఉంది. మొదటి నెల కోసిన 350 మాత్రం తిరిగి రాలేదు. వోచర్ మూడుసార్లు రాశాం, మూడుసార్లు వెనక్కొచ్చింది. నాలుగోది ఈ శనివారం పెడుతున్నాం.

వచ్చే వారం బ్యాటరీ సంగతి.