నిన్నటి భాగం మీద ఇవాళ్టి తగాదా

టెలివిజన్‌లో అంతరిక్ష కథ వచ్చిన మర్నాడు బడిలో ఏం జరుగుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. "అంత దూరం అంత తొందరగా ఎలా వెళ్ళారు?" అని ఒకమ్మాయి అడుగుతుంది. "అది కథ! నోరు మూసుకుని చూడు" అని ఇంకొకడంటాడు. "సైన్సూ లేదు, పాడూ లేదు. అంతా బూటకం" అని మూడోవాడు. గంట కొట్టేదాకా అరుపులే. నన్నడిగితే ఆ అమ్మాయే సరైన దారిలో ఉంది. మిగిలిన ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటున్నా, చేసే పని ఒకటే. ప్రశ్నను అక్కడితో ఆపేస్తున్నారు.

ఇలాంటి తగాదాలకు పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో 1966 సెప్టెంబర్ 8న "స్టార్ ట్రెక్" అనే ధారావాహిక మొదలైంది. 1980లలో మన దూరదర్శన్‌లోనూ వచ్చింది. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కొందరు చూసే ఉంటారు. దాని అభిమానులు వాదించుకుని ఊరుకోలేదు. 1967లో సొంతంగా పత్రిక అచ్చువేసుకుని అందులో రాసుకున్నారు. ధారావాహికను ఆపేస్తారన్న వార్త రాగానే ఉత్తరాలు గుప్పించారు. 1968 జనవరిలో కాల్టెక్ అనే ప్రసిద్ధ విజ్ఞాన విద్యాసంస్థ విద్యార్థులు టెలివిజన్ స్టూడియో ముందుకు ఊరేగింపుగా వెళ్ళారు! భౌతికశాస్త్రం చదువుకునేవాళ్ళకి ఆ కథలంటే అంత ఇష్టం.

మొదటి నెలలోనే, సెప్టెంబర్ 22న వచ్చిన భాగంలో, ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ పాలపుంత అంచుకు చేరి అక్కడ మెరిసే గోడలాంటి దానిలో చిక్కుకుంటుంది. ఆ ఏడాది నవంబరులో ఐజాక్ అసిమోవ్ "టీవీ గైడ్" పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆయన జీవరసాయన శాస్త్రం చదివిన రచయిత. అంతరిక్ష ధారావాహికల్లోని తప్పుల్ని ఆ వ్యాసంలో ఏకిపెట్టాడు. స్టార్ ట్రెక్‌లో వినబడ్డ "పాలపుంతకు అర కాంతి సంవత్సరం బయట" అన్న మాటకూ అక్షింతలు పడ్డాయి. ఎందుకంటే పాలపుంతకు ప్రహరీ గోడ లేదు. జాతరలో జనం ఎలా ఉంటారో తలుచుకోండి. గుడి దగ్గర ఇసుక వేస్తే రాలదు. పోనుపోను పలచబడతారు. "జనానికి సరిగ్గా జానెడు బయట ఉన్నాను" అని ఎవరైనా అంటే నవ్వరూ?

ధారావాహిక సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ ఆయనకు ఉత్తరం రాశాడు, ఇద్దరూ స్నేహితులయ్యారు. 1967లో అసిమోవ్ అదే పత్రికలో స్పాక్ పాత్రను మెచ్చుకుంటూ సరదాగా మరో వ్యాసం రాశాడు. 1979లో స్టార్ ట్రెక్ సినిమా తీసినప్పుడు, తప్పు పట్టిన ఆయన్నే సైన్సు సలహాదారుగా పెట్టుకున్నారు.

ఇప్పుడు మన అమ్మాయి ప్రశ్నకు వద్దాం. కాంతికన్నా వేగంగా ఏ ఓడా పోలేదని ఐన్‌స్టీన్ సిద్ధాంతం చెబుతుంది. అయినా కథకు ఆ ఒక్కటీ అప్పుగా ఇద్దాం. అప్పు ఇచ్చాక లెక్క అడిగే హక్కు మనకుంటుంది. ఆ కథల్లో వేగాన్ని "వార్ప్" అంకెలతో చెబుతారు. పాత లెక్కలో ఆ అంకెను ఘనం చేస్తే, కాంతి వేగానికి అన్ని రెట్లు. ఓడ ప్రమాదం లేకుండా పోగల వేగం వార్ప్ 6. అంటే 6 × 6 × 6 = 216 రెట్లు. పాలపుంత అడ్డం కొలత సుమారు 1,00,000 కాంతి సంవత్సరాలు, కేంద్రం నుంచి మన సూర్యుడికి దూరం సుమారు 26,000. కాబట్టి బయటి అంచు ఇంకా 24,000 కాంతి సంవత్సరాల దూరం. 216తో భాగించండి. 111 ఏళ్ళు వస్తుంది! ఓడ బయలుదేరిందేమో 5 ఏళ్ళ యాత్రకి.

బూటకమేనా? తొందరపడకండి. పాలపుంత అట్టులా పలచన. మన దగ్గర దాని మందం సుమారు 1,000 కాంతి సంవత్సరాలే, మనం దాదాపు మధ్య పొరలో ఉన్నాం. అట్టు చివరిదాకా పాకకుండా నిట్టనిలువుగా పైకి లేస్తే, 500 కాంతి సంవత్సరాల్లో బయటపడతాం. 500ని 216తో భాగిస్తే రెండేళ్ళ నాలుగు నెలలు. ఓడ నిలువుగా వెళ్ళిందని వాదించినవాడు గెలిచాడు, అరవకుండానే! మెరిసే గోడను మాత్రం ఏ లెక్కా కాపాడలేదు.

స్పాక్ రక్తం ఆకుపచ్చ, అందులో రాగి ఉందంటారు. "రక్తం ఎరుపు కాకుండా ఎలా?" అనేవాళ్ళు రొయ్యల్నీ పీతల్నీ గుర్తు తెచ్చుకోవాలి. వాటి రక్తంలో ప్రాణవాయువును మోసే పదార్థంలో ఉన్నది రాగే. రంగు మాత్రం నీలం. స్పాక్ తండ్రి వేరే గ్రహంవాడు, తల్లి భూమి మనిషి అనడమే నాకు మింగుడుపడదు. భూమి మీద పుట్టిన మర్రిచెట్టుతో మనకున్న చుట్టరికం కూడా ఆ గ్రహంవాడితో ఉండదే!

కొన్ని సమాధానాలు సమాధానాల్లా వినబడతాయి, అంతే. ప్రతివారం ఓడను గ్రహం మీద దించే దృశ్యం తీయడానికి డబ్బు చాలక, మనుషుల్ని ఇక్కడ మాయంచేసి అక్కడ తేల్చే యంత్రం కల్పించారు. కణం ఎక్కడుందో, ఎంత ద్రవ్యవేగంతో పోతోందో రెండూ కచ్చితంగా తెలియవని హైజెన్‌బర్గ్ సూత్రం. మరి మనిషిలోని కణాలన్నిటినీ ఎలా కొలుస్తారు? దీనికి తర్వాతి ధారావాహికలో "హైజెన్‌బర్గ్ కాంపెన్సేటర్" అనే పరికరం పుట్టింది. అదెలా పనిచేస్తుందని అడిగితే, చాలా బాగా పనిచేస్తుందని అక్కడి సాంకేతిక సలహాదారు మైకేల్ ఒకుడా జవాబిచ్చాడు! చిక్కుకు పేరు పెడితే చిక్కు వీడదని ఆయనకు తెలుసు. ఆ చమత్కారం నాకు నచ్చింది. బడిలో దాన్నే రుజువుగా చూపే స్నేహితుణ్ణి మాత్రం వదలకండి.

ఈ వారం మీరు వాదించుకోవడానికి ఒకటి ఇస్తాను. 1995లో మొదలైన "వాయేజర్" ధారావాహికలో ఓడ ఇంటికి 70,000 కాంతి సంవత్సరాల దూరంలో చిక్కుకుంటుంది. తిరిగి రావడానికి 75 ఏళ్ళంటారు. భాగిస్తే కాంతి వేగానికి 933 రెట్లు. అప్పటికి వార్ప్ లెక్క మార్చేశారు. కొత్త లెక్కలో వార్ప్ 9 అంటేనే సుమారు 1,516 రెట్లు. అలా అయితే 46 ఏళ్ళు చాలు. మిగతా 29 ఏళ్ళూ ఏమైనట్టు? ఇంజను అంత వేగాన్ని అన్నేళ్ళు తట్టుకోలేదా? దారిలో ఆగి ఇంధనం వెతుక్కోవద్దా? కాగితం, పెన్సిలు తీసుకుని మొదలుపెట్టండి.