బడిబిడ్డకు ఫలమేల నీయరాదు?

మన యిండ్లలో ఫలము దేవునికి నివేదనము, రోగికి పథ్యము. ఆడి యలసిన బిడ్డకు మాత్రము విలాసమట! ఇదెక్కడి న్యాయము?

తెలుగునాట సర్కారు బడులలో 2003 నుండి మధ్యాహ్నము వండిన యన్నము పెట్టుచున్నారు, సంతోషమే. ప్రాథమిక పాఠశాల బిడ్డకు దినమునకు బియ్యము 100 గ్రాములు, పప్పు 20, కూరగాయలు 50 అని కేంద్రప్రభుత్వపు కొలత. అందు ఫలమను మాటయే లేదు.

పప్పునను ఆకుకూరలను గల యినుము చక్కగా వంటబట్టుటకు సి విటమిను తోడు కావలయును. అదియో, పొయ్యిమీద చాల భాగము నశించును. పచ్చిగా తిను జామపండునందు సమృద్ధిగా నున్నది.

వ్యయమని జంకెదరా? మేము కోరునది కాశ్మీరపు ఆపిలు గాదు, పెరటిజామ. ఆ విటమిను దానికంటె దీనియందే పెక్కు రెట్లధికము. పండ్లు తినుమని పాఠము చెప్పి, పండు లేని పళ్లెము ముందిడు బడి యేమి నేర్పినట్లు? చదువరులారా, మీ యూరి బడి కేగి యీ ప్రశ్న నడుగుడు.