బల్ల ఎక్కేముందు... షుగరు దిగాలి!

సంచి సర్దుకున్నారు. కొడుకు వారం రోజులు సెలవు పెట్టాడు. సాయానికని ఊరి నుంచి తల్లి కూడా వచ్చింది. తీరా ఆపరేషన్ రోజు పొద్దున్నే వేలు గుచ్చి చూస్తే షుగరు 312! మత్తు డాక్టరు తల అడ్డంగా ఊపారు. 'ఈరోజు వద్దమ్మా, ముందు ఇది తగ్గాలి' అంటూ ఇంటికి పంపించేశారు.

ఆమెకు 49 ఏళ్లు. గర్భసంచిలో కణుతులు. నెలసరి మొదలైతే పది రోజులైనా ఆగదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎనిమిదేళ్లుగా షుగరుకు మాత్రలు వేసుకుంటోంది గానీ పరీక్ష చేయించుకుని ఏడాది దాటింది. 'ఆపరేషన్ గర్భసంచికి కదా, మధ్యలో ఈ షుగరు గొడవేంటి?' అని ఇంటిల్లిపాదీ విసుక్కున్నారు. విసుగు సహజమే. కానీ ఆ రోజు వాయిదా వేయటం కూడా వైద్యంలో భాగమే!

సంబంధం ఉంది...

ఆపరేషన్ అంటే ఒంటికి పెద్ద ఒత్తిడి. ఆ సమయంలో అడ్రినలిన్, కార్టిసాల్ వంటి హార్మోన్లు ఎగదన్నుతాయి. ఇవి షుగరును ఇంకా పెంచేస్తాయి. వాంతులు కాకుండా ఇచ్చే కొన్ని స్టిరాయిడ్ ఇంజెక్షన్లతోనూ పెరుగుతుంది. రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే సూక్ష్మక్రిములతో పోరాడే తెల్లకణాలు మందగిస్తాయి. కుట్లు త్వరగా మానవు, చీము పట్టే ముప్పు పెరుగుతుంది.

షుగరు మరీ పడిపోయినా ప్రమాదమే. మామూలుగా అయితే చెమటలు, వణుకు, గుండెదడ వచ్చి మనకు తెలుస్తుంది. మత్తులో ఉన్న మనిషి ఆ మాట చెప్పలేదు కదా! అందుకే డాక్టర్లు ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మధ్యమధ్యలో షుగరు చూస్తూనే ఉంటారు.

ఎంత ఉంటే మేలు?

అత్యవసరం కాని ఆపరేషన్లకు మూడు నెలల సగటును చెప్పే 'హెచ్‌బీఏ1సీ' 8 శాతం లోపు ఉండటం మంచిది. ఆపరేషన్ వేళకు షుగరు 100 నుంచి 180 మధ్య ఉండేలా చూస్తారు.

ఆడవాళ్ల విషయంలో ఇక్కడో మెలిక ఉంది. అధిక రక్తస్రావంతో ఐరన్ తగ్గి రక్తహీనత వస్తే, హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించొచ్చు. ఈమధ్యే రక్తం ఎక్కించుకున్నా, ఒక్కసారిగా రక్తం బాగా పోయినా తక్కువగా కనిపించొచ్చు. కాబట్టి ఆ ఒక్క అంకెనే నమ్ముకోకుండా పరగడుపున, భోజనం తర్వాత చేసే పరీక్షల లెక్కలు కూడా రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించాలి.

అన్ని మాత్రలూ ఒకటి కాదు

'ఆపరేషన్ రోజు ఏమీ మింగొద్దన్నారు' అని కొందరు అన్నీ మానేస్తారు. ఎందుకైనా మంచిదని కొందరు అన్నీ వేసేసుకుంటారు. రెండూ తప్పే. మెట్‌ఫార్మిన్‌ను సాధారణంగా ఆపరేషన్ రోజు ఆపేస్తారు. గ్లిమెపిరైడ్ వంటివి వేసుకుని పస్తుంటే షుగరు పడిపోతుంది కాబట్టి వాటినీ ఆ పొద్దున వద్దంటారు. డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ రకం మాత్రలను మాత్రం మూడు రోజుల ముందే ఆపాలి. లేదంటే షుగరు మామూలుగానే ఉన్నా రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదం ఉంది. రోజంతా పనిచేసే ఇన్సులిన్‌ను సాధారణంగా పూర్తిగా మానరు, మోతాదు తగ్గిస్తారు. బరువు, షుగరు తగ్గేందుకు వారం వారం ఇంజెక్షన్ తీసుకుంటుంటే ఆ సంగతీ మత్తు డాక్టరుకు చెప్పాలి. దానివల్ల పొట్టలో ఆహారం ఆలస్యంగా ఖాళీ అవుతుంది.

ఇవేవీ సొంతంగా చేసేవి కావు. మాత్రల పేర్లు గుర్తులేకపోతే అట్టలే సంచీలో వేసుకెళ్లండి. ఆపరేషన్ల జాబితాలో మొదటి పేరు మీదే ఉండేలా చూడమని అడగండి. పస్తుండే సమయం తగ్గుతుంది.

తీయించక తప్పదా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురైతే, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎనిమిది మందికి పైనే! కాబట్టి సమస్యను బట్టి మందులతోనో, హార్మోన్ లూప్‌తోనో నయమవుతుందేమో ముందు అడిగి తెలుసుకోవాలి.

అలాగని షుగరు సాకుతో నాన్చకూడనివీ ఉన్నాయి. నెలసరి పూర్తిగా ఆగిపోయాక మళ్లీ చుక్క రక్తం కనబడినా వెంటనే డాక్టరును కలవాలి. మధుమేహం, ఊబకాయం ఉన్నవారికి గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ముప్పు ఎక్కువ. ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షను వాయిదా వేయకూడదు. క్యాన్సర్ అని తేలినా, రక్తస్రావం ఆగకపోయినా నెలల తరబడి ఆగరు. ఇన్సులిన్‌తో షుగరును త్వరగా అదుపులోకి తెచ్చి ఆపరేషన్ చేస్తారు.

ఇంటికొచ్చాక...

'పప్పు తింటే చీము పడుతుంది' అని పెద్దవాళ్లు చారన్నంతో సరిపెడతారు. నిజానికి గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పెరుగు తినొచ్చు. చూడ్డానికి వచ్చినవాళ్లు తెచ్చే బత్తాయి రసాలూ, పాలపొడి డబ్బాలే షుగరును పెంచుతాయి. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, మూత్రంలో మంట, కుట్ల దగ్గర ఎరుపు... వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

ఇంతకీ ఆమె ఏమైంది? ఇంటికి పంపేసిన మర్నాడే ఇన్సులిన్ మొదలుపెట్టారు. రక్తం పట్టేందుకు ఐరన్, రక్తస్రావం తగ్గేందుకు మాత్రలు ఇచ్చారు. ఈలోగా ముక్క పరీక్ష కూడా చేశారు. క్యాన్సర్ లేదని తేలింది. కణుతులు పెద్దవి కావటంతో ఆపరేషన్ మాత్రం తప్పలేదు. ఏడు వారాల తర్వాత మళ్లీ సంచి సర్దుకుంది. ఈసారి బట్టలతోపాటు రోజూ షుగరు రాసుకున్న నోటుపుస్తకం కూడా పెట్టుకుంది. పొద్దున్నే వేలు గుచ్చి చూస్తే 142. జాబితాలో మొదటి పేరు ఆమెదే.