ప్రవాసి పన్నుపత్రము, ఇంటి ఉమ్మడి లెక్క

అమెరికాకు చదువునకో, ఉద్యోగమునకో పోవు పిల్లలకు మనము చెప్పి పంపు జాగ్రత్తలకు లెక్కలేదు. చలికి తగిన ఉడుపులు, ఆవకాయ సీసా, వీసా కాగితములు, ఎరిగినవారి చిరునామాలు, వీనిలో దేనికిని లోపముండదు. కాని అచ్చట జీతము పుచ్చుకొన్న మరుసటి సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీలోపల తన ఆదాయమును గూర్చి ఒక పత్రము నింపవలెననియు, అందు వ్రాసినదెల్ల సత్యమనియు, కానిచో అసత్యప్రమాణ నేరమునకు లోబడుదుననియు ఒప్పుకొని సంతకము చేయవలసియుండుననియు చెప్పువారు అరుదు.

ఆ పత్రములోని గణితము మన ఎనిమిదవ తరగతి విద్యార్థికి మించినది కాదు. కూడికలు, తీసివేతలు, నూటికింతయను లెక్కలు. కష్టమంతయు ఒక ప్రశ్నలో నున్నది: నీదేది, నీ తండ్రిదేది? మన ఇండ్లలో ఈ ప్రశ్న ఎవరును వేయరు. వేయుట మర్యాద కాదు. ప్రవాసుల పన్నుల బాధలో పెద్దభాగము పరదేశమున గాక ఇచ్చటనే, మన పడకటింటి బీరువాలోని డిపాజిట్టు రసీదులలోనే పుట్టుచున్నదని నా అభిప్రాయము.

అమెరికా చట్టము తన పౌరులను, గ్రీన్ కార్డు గలవారిని మాత్రమే గాక, ఉద్యోగపు వీసామీద వచ్చినవారిని గూడ నివాసులుగనే లెక్కించును. ఈ ఏడు గడపిన దినములు, క్రిందటి ఏటి దినములలో మూడవవంతు, అంతకు ముందటి ఏటి దినములలో ఆరవవంతు కలిపి 183 అయిన చాలును. ఈ ఏడు 31 దినములైన అచ్చట ఉండవలెను. నివాసి యైనవాని ఆదాయము ఏ దేశమున పుట్టినను అచ్చటి లెక్కలో చేరును. మనదేశమున పన్ను లేనిదానికి అచ్చటను ఉండదనుకొనుట మనవారిలో ప్రబలిన భ్రమ. ప్రవాసుల ఎన్నారీయీ డిపాజిట్లపై వడ్డీకి ఇచ్చట పన్ను లేదు, అచ్చట కలదు. వ్యవసాయాదాయమునకు ఇచ్చట ఆదాయపు పన్ను లేదు. అచ్చట ఆ మినహాయింపు చెల్లదు. పసుపుకుంకుమల క్రింద రెండెకరముల మాగాణి పొందిన ఆడుబిడ్డ న్యూజెర్సీలో కాపురముండి, ఏటేట కౌలుసొమ్ము తెనాలిలోని బ్యాంకులో జమయగుచుండిన, ఆ కౌలుగూడ ఆమె అమెరికా పత్రమున కనిపింపవలసినదే. అది తన ఆదాయమని ఆమె ఎన్నడును తలచియుండదు. పుట్టింటివారు పంపు పండుగ చీరవంటిదని తలచును.

ఒకే ఆదాయముపై రెండు పన్నులు పడకుండుటకు 1989లో ఇరుదేశములు ఒడంబడిక చేసికొన్నవి. ఇచ్చట కట్టిన పన్నును అచ్చట తగ్గించుకొనవచ్చును. అయినను రెండుచోట్ల చెప్పుట తప్పదు. మన ఆర్థికసంవత్సరము ఏప్రిల్ నుండి మార్చి వరకు, వారిది జనవరి నుండి డిసెంబరు వరకు నగుటచే, ఆ లెక్కను విడదీసి కూర్చుట ఒక ప్రత్యేకపు విసుగు.

ఇప్పుడు పదవీవిరమణ చేసిన ఒక ఉపాధ్యాయుని తలచుకొందము. మన పాఠకులలో అనేకుల కథ ఇది. గ్రాట్యుటీ, కమ్యుటేషను సొమ్ము చేతికి వచ్చినవి. బ్యాంకులో డిపాజిట్టు చేయుచు, రేపు తనకేమైన నైనచో చిక్కులేకుండ అందవలెనని, డాలసులోని కుమారుని పేరు జతచేసెను. సెలవులలో వచ్చినపుడు కుమారుడు సంతకము చేసి మరచిపోయెను. సొమ్ము తండ్రిది, వడ్డీతో మందులు కొనుక్కొనువాడును తండ్రియే. కాని అమెరికా చట్టము చూచునది ఖాతామీది పేరును. నివాసికి పేరున్న విదేశపు ఖాతాలన్నింటి మొత్తము సంవత్సరములో ఏ ఒక్కనాడైన 10,000 డాలర్లు దాటినచో, ఆ ఖాతాల వివరమును ఏటేట తెలియజేయవలెను. జతఖాతా యైనను పూర్తిసొమ్మునే చూపవలెను, సగము కాదు. పదివేల డాలర్లనగా మన లెక్కలో ఎనిమిది, తొమ్మిది లక్షల రూపాయలు. నేటి ఉపాధ్యాయుని విరమణసొమ్ము దానిని సులభముగ దాటును.

ఇది పన్ను కాదు. ఒక్క డాలరును కట్టనక్కరలేదు, తెలుపుట మాత్రమే. నల్లధనమును విదేశములలో దాచువారిని పట్టుటకు 1970లో పుట్టిన చట్టపు వలయిది. ఆ వలలో ముసలితండ్రుల డిపాజిట్లు గూడ చిక్కుకొనుట విడ్డూరమే. కాని తెలుపకున్న ఎవరికి తెలియునను ధీమాకు కాలము చెల్లినది. 2010లో అమెరికా చేసిన ఫాట్కా చట్టమును, 2015లో దానినిబట్టి మనదేశము చేసికొన్న ఒప్పందమును అనుసరించి, అమెరికా నివాసుల ఖాతాల వివరములు మన బ్యాంకులనుండి మన ఆదాయపు పన్ను శాఖకును, అచ్చటినుండి అమెరికాకును పోవుచున్నవి.

తండ్రి కోరినది తన తదనంతరపు సౌకర్యమే యైన, కుమారుని జతగా గాక నామినీగా వ్రాసిన చాలును. నామినీ ఖాతాదారుడు కాడు. ఆసుపత్రిలో నున్ననాడు సొమ్ము తీయువాడొకడు కావలెనందురా, ఆ అక్కర నిజమైనది, కాదనను. అపుడు పేరుంచవచ్చును; ఆ సంగతి కుమారునకు జాబు వ్రాసి తెలుపవలెను, అతడు ఏటేట ఆ పత్రమును పంపవలెను.

మన న్యాయశాస్త్రమునకు ఉమ్మడి యనునది క్రొత్తకాదు. అవిభక్త హిందూకుటుంబమును పన్ను కట్టు ప్రత్యేక వ్యక్తిగా భారత చట్టము తెల్లదొరల నాటినుండియు గుర్తించుచున్నది. అమెరికాలో భార్యాభర్తలు కలిసి ఒక పత్రము వేయవచ్చును గాని, తాతనుండి మనుమనివరకు కలసిన ఈ కుటుంబమునకు అచ్చట పేరు లేదు. మనమిచ్చట ‘మాది’ అను ఒక్క మాటలో ఇముడ్చుకొన్నదానిని ‘నాది’, ‘వారిది’ అని విడదీసిన గాని ఆ పత్రము ముందునకు సాగదు. తండ్రిని అడుగుటకు కుమారునికి నోరు రాదు. చెప్పుటకు తండ్రికి తోచదు.

అశ్రద్ధకు శిక్ష ఏపాటిదో బిట్నర్ అను రుమేనియావాసి వ్యాజ్యము తెలుపును. అతడు 1982లో అమెరికాకు వలసపోయి పౌరుడై, 1990లో స్వదేశమునకు మరలిపోయి వ్యాపారము చేసెను. ఖాతాలు తెలుపవలెనను సంగతి ఎరుగకుండెను. ఐదేండ్ల పత్రములలోని 272 ఖాతాలకు ఒక్కొక్కదానికి పదివేల చొప్పున 27 లక్షల 20 వేల డాలర్ల జరిమానా ప్రభుత్వము విధించెను. 2023లో అచ్చటి సుప్రీముకోర్టు, బుద్ధిపూర్వకము గాని తప్పునకు జరిమానా పత్రమునకొకటియే గాని ఖాతాకొకటి కాదని, ఐదుగురు నలుగురను తేడాతో తీర్పు చెప్పెను. అతని జరిమానా 50 వేల డాలర్లకు దిగినది. దిగిన మొత్తమే మన ఉపాధ్యాయుని డిపాజిట్టును మ్రింగగలదు.

విద్యార్థుల సంగతి వేరు. చదువుకొను వీసామీద పోయినవాడు సాధారణముగ మొదటి ఐదు సంవత్సరములు నివాసిగ పరిగణింపబడడు. అతని పత్రమే వేరు. ఆదాయమేమియు లేకున్నను 8843 సంఖ్యగల ఫారము పంపవలెను. తక్కిన దేశముల విద్యార్థులకు సాధారణముగ దొరకని ఒక మేలు 1989 నాటి ఒడంబడికవలన మనవారికి గలదు: నివాసులకిచ్చు ప్రామాణికపు తగ్గింపును వీరును పొందవచ్చును. తమకు గల ఈ హక్కును చదివి తెలిసికొనక, ఎక్కువ సొమ్ము తిరిగి రప్పింతుమను మధ్యవర్తుల మాట నమ్మి, నివాసుల పత్రముపై సంతకము పెట్టువారున్నారు. లేని ఖర్చులు వ్రాసినది మధ్యవర్తియైనను, సంతకము చేసినవాడే బాధ్యుడు. మన ఉన్నతపాఠశాలలలో ఒక ప్రభుత్వపు ఫారమును ఆమూలాగ్రము చదివి అర్థము చెప్పు పాఠము ఒక్కటైన ఏల ఉండరాదు? వ్యాసములు వ్రాయించుచున్నాము, పత్రము చదివించుట లేదు.

ఇంత చెప్పినంతమాత్రమున పరాయిదేశపు పన్నులన్నియు న్యాయములని నా వాదము కాదు. 1895లో నేటాలు ప్రభుత్వము, గిర్మిటు గడువు తీరినపిదప మరల కూలికి ఒడంబడక, స్వదేశమునకును పోక నిలిచిన భారతీయునిపై ఏటికి 3 పౌనుల పన్ను వేసెను. తరువాత పిల్లలపై గూడ వేసెను. మద్రాసు రేవున ఓడలెక్కిన తెలుగు కూలీలెందరో ఆ భారమును మోసిరి. గాంధీగారి నాయకత్వమున 1913లో జరిగిన సమ్మెకు ఆ పన్ను ముఖ్యకారణము. మరుసటి ఏడు అది రద్దయ్యెను. అది ఆదాయముపై పన్ను కాదు, అచ్చట నిలిచినందుకు వేసిన పన్ను. 2017 జూలైలో సౌదీ అరేబియా, ప్రవాసుల భార్యాబిడ్డలపై తలకు నెలకు 100 రియాలులు విధించి, 2020 నాటికి 400 చేసినది. రెండును ఒకటే యనను గాని, చిన్న జీతగానికి కుటుంబమును వెంట నుంచుకొనుటయే భారమైనది.

అమెరికాలోని మన ఉద్యోగులకును నిజమైన ఫిర్యాదు ఒకటి కలదు. ఉద్యోగపు వీసామీది వాని జీతమునుండి సాంఘిక భద్రతనిధికి నూటికి 6.2 వంతులు, వృద్ధుల వైద్యనిధికి 1.45 వంతులు విరుగును. యజమానియు అంతే కట్టును. పింఛనునకు 40 పాళ్లు కూడవలెను. ఏటికి నాలుగింటికి మించి చేరవు గనుక పదేండ్లు తప్పవు. ఇట్టి సేవాకాలమును ఇరుదేశములు కలిపి లెక్కించు ఒప్పందములను మనదేశము జర్మనీ, జపాను, కెనడాలవంటి పలుదేశములతో చేసికొన్నది. అమెరికాతో ఇంకను కుదరలేదు. ఒడంబడికలు చేయువారు ప్రభుత్వములే గనుక, ఇది మన పార్లమెంటు సభ్యులు గట్టిగ అడుగవలసిన ప్రశ్న. తొమ్మిదేండ్లు అచ్చట పనిచేసి, మంచముపట్టిన తల్లికొరకు తిరిగివచ్చినవానికి ఆ నిధినుండి పింఛనుగా నేడు ఏమియు రాదు. కట్టినదియు తిరిగి ఇయ్యరు.