స్వల్పవ్యయముతో నింటి కంప్యూటరు



ప్రొద్దుటూరిలో బంగారు దుకాణమునకు పోయిన యిల్లాలు ఊరక సొమ్ము చెల్లించి వచ్చునది కాదు. తూకము చూచును, తరుగెంతయని యడుగును, మజూరి బేరమాడును, హాల్‌మార్కు గుర్తును కన్నులార చూచిన పిదపనే సంచి విప్పును. ఆ యిల్లాలే బిడ్డల చదువునకై కంప్యూటరు కొనబోయినపుడు భర్త వెనుకనో కుమారుని వెనుకనో నిలుచుండి, అంగడివాడు చెప్పిన వెలకు తల యూపి వచ్చును. ఈ వస్తువు మనకు తెలియనిదను వెఱపే యిందులకు కారణము. తెలియని వస్తువునకు మనము చెల్లించు వెలలో కొంతభాగము ఎల్లప్పుడును మన తెలియమి వెలయే. నగను కుదువబెట్టియో, వాయిదాలకు ఒప్పుకొనియో క్రొత్త ల్యాప్‌టాపు తెచ్చుటకు పూనుకొనక మునుపు, చదువుకు చాలినంత కంప్యూటరును పదునాలుగు వేల రూపాయలలోపల ఎట్లు సమకూర్చుకొనవచ్చునో ఈ నెల ముచ్చటింతము.

"ఇంటిలో ఫోను కలదు గదా, కంప్యూటరేల?" యని కొంద ఱడుగుదురు. 2022 డిసెంబరులో మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో ఎనిమిదవ తరగతి బాలబాలికలకు టాబ్లెట్లు కూడ పంచిరి. పాఠము వినుటకు, చూచుటకు ఇవి చాలును. కాని పది పుటల వ్యాసము వ్రాయుటకును, పట్టికలు కట్టి లెక్క వేయుటకును, ప్రోగ్రాములు కూర్చుటకును మీటల పలకయు పెద్ద తెఱయు వలయును. పైగా ఇంజనీరింగు ప్రవేశపరీక్షను నేడు కంప్యూటరు ముందర కూర్చుండియే వ్రాయవలసియున్నది.

జమ్మలమడుగు ప్రాంతమున మా బంధువుల బాలిక యొకతె యున్నది. గణితమున చుఱుకైన పిల్ల. పరీక్షాకేంద్రములోనే ఆమె మొదటిసారి మౌసును చేతబట్టెను. ఒక ప్రశ్న నుండి వేఱొక ప్రశ్నకు పోవుటకే యామెకు విలువైన నిమిషములు చెల్లిపోయినవి. "లెక్కలు రాక కాదు చిన్నమ్మా, ఆ బాణం గుర్తు నా చేతికి నిలబడలేదు" అని యామె నాతో ననినది. ఆమె యన్న మాత్రము పట్టణమున నేర్చుకొని వచ్చి యుండెను. ఇంటిలో నొక్క సాధనమే యున్నపుడు అది మొదట మగపిల్లవాని చేతికే పోవుచున్నది. తల్లులు ఆలోచింపవలసిన విషయ మిది.

ఇక వస్తువు సంగతి. కంప్యూటరు పెట్టెలో ముఖ్యమైనవి అయిదే. లెక్కచేయునది ప్రాసెసరు. అన్నిటిని కలిపి యుంచు పలక మదర్‌బోర్డు. పని జరుగుచుండగా చేతి క్రింద నుండవలసిన దానిని పట్టియుంచునది ర్యాము; ఇది బలపముతో వ్రాసిన పలక వంటిది, కరెంటు పోయిన తుడుచుకొనిపోవును. చెఱిగిపోకుండ దాచిపెట్టునది డిస్కు, ఇది భోషాణము. గోడకరెంటును ఈ భాగములకు తగినట్లు తగ్గించి యిచ్చునది ఎస్.ఎం.పి.ఎస్. అను పెట్టె. వీనికి బయట తెఱయు, కీబోర్డును, మౌసును చేర్చిన కంప్యూటరగును. బిడ్డల చదువునకు ర్యాము 8 జి.బి. యున్న సుఖముగా నడుచును, 4 జి.బి. తోనైనను గడుపుకొనవచ్చును.

అల్పవ్యయమునకు త్రోవ యెక్కడనగా, కార్యాలయములు విడిచిన యంత్రములలో. మైక్రోసాఫ్టువారు విండోస్ 10 కు ఉచిత సంరక్షణను 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించిరి. దాని తరువాతి విండోస్ 11, ఇంటెల్ ప్రాసెసర్లలో సుమారుగా ఎనిమిదవ తరము మొదలుకొని మాత్రమే నడుచునట్లు నియమించిరి. అందుచేత చెడిపోని యంత్రములు కూడ పాతవను పేరున కార్యాలయములనుండి అమ్మకమునకు వచ్చుచున్నవి. లోకము పాతదని విడిచినదెల్ల పనికిమాలినది కాదని పాతచీరలతో బొంతలు కుట్టు మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఇంకొక కారణము కూడ కలదు. కృత్రిమ మేధకై నడుచు మహాయంత్రశాలలు జ్ఞాపకశక్తి చిప్పులను విస్తారముగా కొనుచుండుటచేత 2025 సంవత్సరాంతమున ర్యాము వెల మిక్కిలి పెరిగినది. కావున ర్యాము లోపలనే యున్న పాతపెట్టెను కొనుట, ఖాళీపెట్టె కొని ర్యామును విడిగా వెదకుటకంటె లాభకరము.

కొనునపుడు చూడవలసిన గుఱుతులు కొన్ని కలవు. అంగడివాడు "ఐ5" అని మాత్రము చెప్పిన చాలదు. దాని పిదప వచ్చు నాలుగంకెల సంఖ్య నడుగుడు. అందు మొదటి యంకె తరమును తెలుపును. 4570 అనిన నాలుగవ తరము, 7500 అనిన ఏడవ తరము. మూడే యంకెలున్నచో అది మఱింత పాతది, విడిచిపెట్టుడు. సొమ్ము చెల్లింపక మునుపే యంత్రమును నడిపించి, ర్యామెంతయో తెఱమీద చూపుమనుడు. ఒక యంగడిలో 8 జి.బి. యని చెప్పినదానిని మేము నడిపించి చూడగా 4 మాత్రమే కనబడినది; నమస్కారము చేసి మఱియొక యంగడికి పోతిమి. పెట్టె మూత తీయించి మదర్‌బోర్డు మీది చిన్న గొట్టముల వంటి కెపాసిటర్ల తలలు ఉబ్బియున్నవేమో చూడుడు, ఉబ్బినచో వలదు. తొలి యమరికల తెఱను, అనగా బయాసును, పూర్వపు యజమాని రహస్యపదముతో బంధించి యుండరాదు. కార్యాలయపు పెట్టెలలో కొన్నిటికి ఎస్.ఎం.పి.ఎస్. ఆ కంపెనీ కొలతకే యమరును గనుక, చెడినచో మరల దొరకునో లేదో ముందే విచారింపుడు. బిల్లు మీద ప్రాసెసరు సంఖ్యయు, ర్యామును, మార్పిడి గడువును వ్రాయించుకొనుడు. క్రొత్తగా కొను కీబోర్డు, తెఱ, యు.పి.ఎస్.లపై భారతీయ ప్రమాణముల సంస్థ గుర్తు వెదకుడు. బంగారమునకు హాల్‌మార్కు నియమము నడుపునదియు ఈ సంస్థయే.

మా యింటి లెక్కను దాచక వ్రాయుచున్నాను. నాలుగవ తరపు ఐ5 ప్రాసెసరును 8 జి.బి. ర్యామును గల పాతపెట్టె 5,500 రూపాయలు. 256 జి.బి. గల క్రొత్త ఎస్.ఎస్.డి. డిస్కు 2,200. పందొమ్మిది అంగుళముల పాత తెఱ 2,000. క్రొత్త కీబోర్డు, మౌసు 600. నాణెపు బ్యాటరీ, వేడిని లాగు లేపనము, తీగెలు కలిపి 300. యు.పి.ఎస్. 3,000. మొత్తము 13,600 రూపాయలు. వెలలు నెలనెలకు మాఱును గనుక మీకు కొంచె మెచ్చుతగ్గులు కావచ్చును. కాని యొక్క నియమము మాఱదు: పాతదానిలో ప్రాసెసరును నమ్మవచ్చును, డిస్కును మాత్రము నమ్మరాదు. లోపల చక్రము తిరుగు పాత హార్డుడిస్కు వాడుకచేత అరుగును. దానిని తీసివేసి ఎస్.ఎస్.డి. పెట్టినచో తెఱ తెఱుచుకొనుటకు పట్టు కాలము నిమిషముల నుండి క్షణములకు తగ్గును. పాత యంత్రమున కింతకంటె మేలైన ఖర్చు లేదు.

విప్పుటకు ఒక్క స్క్రూడ్రైవరు చాలును. మొట్టమొదట గోడనుండి ప్లగ్గు తీయుడు. పట్టుచీర, నైలానుచీర కట్టుకొని ఈ పనికి కూర్చుండవలదు. వాని రాపిడివలన పుట్టు విద్యుత్తు సున్నితమైన చిప్పులను చెఱచును. నూలుచీరయే మేలు. పెట్టె యినుపభాగమును ఒకసారి చేతితో తాకి పిదప లోపలి వస్తువులను ముట్టుడు. ర్యాము ముక్కకు నడుమ నొక గంటు కలదు; అది కుదిరిన వైపునకే దిగును, బలవంతము చేయరాదు. డి.డి.ఆర్.3 అను రకమును డి.డి.ఆర్.4 అమర్పులో పెట్టజాలము, ఆ గంటు చోటు వేఱు. యంత్రము తెఱువక కూతలు వేసినచో తఱచుగా ర్యాము వదులైనదని యర్థము. తీసి, దాని పసిడిరంగు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది మరల నొక్కుడు. ప్రతిదినము తేదీ తప్పుగా చూపుచున్నచో మదర్‌బోర్డు మీది నాణెపు బ్యాటరీ తీఱినదని తెలియుడు. ఎస్.ఎం.పి.ఎస్. మూతను మాత్రము ఎన్నడును విప్పరాదు. ప్లగ్గు తీసినను దానిలో ప్రాణాపాయకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచియుండును. పెట్టెను ముట్టిన చేయి జివ్వుమనినచో ఇంటికి ఎర్తు సరిగా లేదన్న మాట. తీగెపనివానిని పిలిపించి ఎర్తు వేయించిన పిదపనే పిల్లలను ముట్టనీయుడు.

యంత్రము సిద్ధమైనను దానిని నడుపు సాఫ్టువేరు లేనిదే అది రాయి. దొంగప్రతి విండోసును వేసి యిచ్చెదమను అంగడులు కలవు. వలదు. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు, లోకములోని వేలమంది చేతులలో పెరిగి నేడు ఉచితముగా లభించుచున్నది. దానిలో లినక్స్ మింట్ అను రూపమునకు 4 జి.బి. ర్యాము చాలును. దీనిని వేఱొక కంప్యూటరు ద్వారా పెన్‌డ్రైవునకు ఎక్కించి, డిస్కునందు స్థాపింపక మునుపే నడిపి చూడవచ్చును. వ్రాతకును పట్టికలకును లిబ్రెఆఫీసు కూడ ఉచితమే. పిల్లల వ్యాసములకే గాక, మీ పొదుపుసంఘపు లెక్కలకును నెలఖర్చులకును అది యుపకరించును. ఇంటర్‌నెట్టునకు వేఱు తీగె యక్కఱలేదు, ఫోనును యు.ఎస్.బి. తీగెతో కలిపి దానినుండియే పంచుకొనవచ్చును.

తెలుగు వ్రాయుట కష్టమని భయపడవలదు. ఇన్‌స్క్రిప్టు అను మీటల క్రమమున అచ్చులు ఎడమచేతికిని, హల్లులు కుడిచేతికిని వచ్చును. క యను మీటనే షిఫ్టుతో నొక్కిన ఖ వచ్చును. అల్పప్రాణమునకును మహాప్రాణమునకును ఒక్కటే స్థానము. అక్షరమాల నెఱిగిన మనకు ఇంతకంటె సహజమైన క్రమ మేది? ఉచితముగా దొరకు తెలుగు అక్షరరూపములకు పెద్దన, తిమ్మన, ధూర్జటి, గిడుగు అను పేర్లు కూడ పెట్టియున్నారు. వాడుకభాషకై పోరాడిన గిడుగువారి పేరిటి యక్షరములతో గ్రాంథికము వ్రాయునపుడు నాకు నవ్వు వచ్చుచుండును. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరునుండి నడుచుచున్నది. ఆడపిల్ల తన యూరిని గూర్చి నాలుగు వాక్యములు వ్రాసి యందు చేర్పవచ్చును.

మన సీమ యెండ నలువది డిగ్రీలను దాటును గదా. అందుచేత పెట్టెను మూసిన అలమరలో నుంచరాదు. గోడకు జానెడు దూరమున, నేలకు ఎత్తుగా, కడపబండ పరచిన అరుగుమీద నుంచిన మేలు. నెలకొకసారి ప్లగ్గు తీసి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపుడు. యు.పి.ఎస్. కరెంటు పోయినపుడు పని దాచుకొని ఆపుటకు వలయు నిమిషముల నిచ్చును. అంతకుమించి దానిపై ఆధారపడవలదు. తెఱతో కూడ సుమారు 80 వాట్లు వాడు యంత్రమును దినమునకు నాలుగు గంటలు నడిపిన, నెలకు పది యూనిట్లకు లోపే యగును.

ఇంతయు నొంటరిగా చేయవలెనని లేదు. ప్రొద్దుటూరిలో యోగి వేమన విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు కళాశాలయు, పులివెందులలో 2006లో వెలసిన జె.ఎన్.టి.యు. కళాశాలయు, ఇడుపులపాయలో 2008 నుండి ట్రిపుల్ ఐటీయు కలవు. మన వీధులలోనే వాని విద్యార్థినులు సెలవులకు ఇండ్లకు వచ్చుచుందురు. ఒక పూట భోజనమునకు పిలిచి దగ్గఱ కూర్చుండబెట్టుకొన్నచో ఈ పని వారికి ఆటవంటిది, మనకు పాఠము.

కడపట నొక్కమాట. కంప్యూటరును మగపిల్లవాని గదిలో గాక నడుమ హాలులో నుంచుడు. ఎవరి గంట లెవ్వరివో కాగితముపై వ్రాసి గోడకు అంటింపుడు. అందు ఆడపిల్ల పేరును, మీ పేరును తప్పక యుండవలయును. మూత విప్పు దినమున స్క్రూడ్రైవరును మొదట ఆ పిల్ల చేతికే యిండు. లోపల నేమున్నదో తన కన్నులతో చూచిన పిల్ల రేపు పరీక్షాకేంద్రమున ఆ బాణపు గుఱుతునకు బెదరదు.